కాటుక గది

దర్జీ కొట్టు వెనక గది,
ఆదివారం

గువ్వకి పెద్దమ్మ రాసేది,

ముందు నీ సంగతి చెప్పు. నడుము నొప్పి తగ్గిందా, లేకపోతే తగ్గిందని నాకు అబద్ధం రాస్తావా? పక్క గది మబ్బుకి గొంతు ఎలా ఉంది? గంజి అయినా దిగుతోందా? వంటావిడ మోకాలు ఎలా ఉంది? కాపలా తాత దగ్గు ఏ మాత్రం? మేనేజరు ఎలా ఉంటే నాకేం గానీ, అతనికి ఒంట్లో బాగాలేని రోజున మీ అందరి ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి అతని ఆరోగ్యం కూడా అడిగినట్టు రాసుకో. నేను బాగానే ఉన్నాను. బాగా లేనిది కళ్ళొక్కటే. నిన్న జాకెట్టుకి గుండీలు వెనకవైపు కుట్టాల్సింది ముందు కుట్టాను. దర్జీ చూసి, "పెద్దమ్మా, ఇది వేసుకున్నామె వెనక్కి నడవాలేమో" అన్నాడు.

మబ్బు గొంతు మీద గదికొచ్చినవాడెవడో చేతులు వేశాడని పోయిన ఉత్తరం చివర్లో రెండు ముక్కలు రాసి వదిలేశావు. అలా రాస్తే నాకు అన్నం ఎలా సహిస్తుంది? పూర్తిగా రాయి. లేదా అసలు రాయకు.

నాకు ఒక్కటి చెప్పు. వెనక వరసకి ఇప్పటికైనా బెల్లు పెట్టారా? నేనున్నప్పుడు ముందు వరస మూడు గదుల్లోనే మంచం పక్కన గోడకి బెల్లు ఉండేది. నొక్కితే కాపలావాడు పరిగెత్తుకొచ్చేవాడు. వెన్నెల, మల్లె, ముత్యం, ఆ గదుల్లో తెల్లతోలు పిల్లలు. వెనక మబ్బు, రేయి, కాటుక, అక్కడ మన రంగువాళ్ళం. మాకెందుకు లేదని అడిగితే అప్పటి మేనేజరమ్మ, "మీవాళ్ళు మొరటు ఒళ్ళు, మీకేమవుతుంది?" అంది. నేను కాటుకగా ఉన్నది నువ్వున్న ఆ గదిలోనే కదా. ఆ పేరు గోడకి కొట్టిన మేకు లాంటిది, ఎవరొస్తే వాళ్ళు తగిలించుకోవాలి. నాకు ముందు ఇద్దరు తగిలించుకున్నారు. ఇప్పుడు నువ్వు.

బెల్లు లేకపోతే మంచం కింద స్టీలు గ్లాసు పెట్టుకో. గోడకి కొడితే పక్క గదికి వినిపిస్తుంది. తలుపు గడియ పూర్తిగా వెయ్యకు. జుట్టు విరబోసుకోకు, పట్టుకుని లాగడానికి వీలవుతుంది. తిన్నావా?

నీ పెద్దమ్మ


పెద్ద ఇల్లు, వెనక వరస,
బుధవారం

పెద్దమ్మకి,

తిన్నాను. నడుము నొప్పి తగ్గింది, ఇది నిజమే. వంటావిడ మోకాలు వాతావరణం చెబుతోంది, రేడియో కంటే నయం. కాపలా తాత దగ్గు తలుపు తట్టినంత గట్టిగా ఉంది.

బెల్లు లేదు. నువ్వు చెప్పిన స్టీలు గ్లాసే కొట్టింది మబ్బు. నేను విన్నాను. విని లేచి వెళ్ళేసరికి వాడు ఆమె మీద కూర్చుని ఉన్నాడు. నేను అరిస్తే ముందు గదుల్లోంచి కాపలా తాత వచ్చాడు. మధ్యలో వరండా, వంటిల్లు, రెండు తలుపులు. ముసలాయన పరిగెత్తలేడు.

పోలీసులు వచ్చారు. వాడిని ముందు గదిలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు. మబ్బు దగ్గరికొచ్చి మొట్టమొదట అడిగినది ఏమిటో తెలుసా? "ఎప్పుడొచ్చావు ఈ దేశానికి?" ఆమె తాత ఇక్కడే పుట్టాడు పెద్దమ్మా. చెప్పడానికి గొంతు పెగల్లేదు, చేత్తో చూపించింది, ఇక్కడే, ఇక్కడే అని నేలని. కాగితాలు చూపించు అన్నారు. కాగితాలు వాళ్ళ అన్న ఇంట్లో ఉన్నాయి. చూపించేదాకా ఉండమని ఊరవతల తాళం వేసిన షెడ్డుకి తీసుకుపోయారు. వాడు నీళ్ళు తాగి ఇంటికి పోయాడు. అందుకే రెండు ముక్కలు రాసి వదిలేశాను.

ఇప్పుడు నువ్వు తిట్టే సంగతి. నెలకోసారి పరీక్షకి వెళ్ళే ఆస్పత్రికి ఒక లాయరమ్మ వస్తోంది. ఆమెది తెల్ల రంగే, మాట మాత్రం సూటిగా ఉంటుంది. ఈ ఇంటికి సర్కారు లైసెన్సు ఉందట, ప్రతి గదిలోనూ బెల్లు ఉండాలని ఆ లైసెన్సులోనే ఉందట. ఒక రంగువాళ్ళకి పెట్టి ఇంకో రంగువాళ్ళకి పెట్టకపోవడం, దెబ్బలు తిన్న మనిషిని వదిలేసి రంగు చూసి కాగితాలు అడగడం, ఇవి మానవ హక్కుల కమిషన్ ముందు పెట్టే సంగతులట. "మీ పని ఏదైనా కానివ్వండి, మీరు మనుషులేగా" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ మాట చెప్పడానికి అంత చదువు చదివిందా అని.

కానీ ఫిర్యాదు ఇచ్చాను. భయపడకు, నా అసలు పేరు ఎక్కడా లేదు. పేరు దాచుకోవచ్చని రూలు ఉందట. కాటుక అని రాశాం.

ఉత్తరాలు మునుపటిలాగే మందుల కొట్టామె చేతికే పంపు. ఇంట్లో ఫోను మేనేజరు బల్ల మీదే ఉంటుంది, తెలుసుగా.

గువ్వ


దర్జీ కొట్టు వెనక గది,
శనివారం

గువ్వా,

నీకు మతి పోయిందా? నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి సూది రెండుసార్లు వేలికి దిగింది. నువ్వు పనిచేసే చేపల ఫ్యాక్టరీ మూసేసినప్పుడు ఆ ఇంటికి పోవద్దే అని మొత్తుకున్నాను, విన్నావా? నిన్ను కన్నది నా చెల్లెలు, పెంచింది నేను. అదైతే పోయి హాయిగా ఉంది. నీ గురించి గుండెలు బాదుకోవడానికి నేను మిగిలాను.

వెనక్కి తీసేసుకో. మబ్బు కోసం ఏడుద్దాం, దేవుడికి చెప్పుకుందాం, వాళ్ళన్నకి కబురు పంపి కాగితాలు తెప్పిద్దాం. కమిషన్ ఎందుకు? నా రోజుల్లో రేయి గదిలో ఉన్న ఆమె పత్రికవాళ్ళతో మాట్లాడింది. ఒక పొద్దున చూస్తే ఆమె చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి, ఆమె లేదు. చెప్పులు లేకుండా ఏ ఆడది ఊరు వెళుతుంది? మేనేజరమ్మని అడిగితే "పుట్టింటికి పోయింది" అంది. ఆ చెప్పులు తర్వాత వచ్చిన రేయి తొడుక్కుంది. నేనే ఇచ్చాను, ఇవ్వనని ఎవరితో అనను?

కాటుక అని రాయించడం ఒక్కటే నువ్వు చేసిన బుద్ధి ఉన్న పని. అది విని కాస్త ఊపిరి పీల్చుకున్నాను. కాటుక అంటే ఎవరో ఎవరికి తెలుసు?

మేనేజరు తిడుతున్నాడా? తిట్టినన్నాళ్ళు ఫర్వాలేదు. నవ్వుతూ మాట్లాడితే మాత్రం నాకు వెంటనే రాయి. వేడినీళ్ళు తాగుతున్నావా?

పెద్దమ్మ


పెద్ద ఇల్లు, ముందు వరస,
శుక్రవారం

పెద్దమ్మకి,

పైన ఏం రాశానో చూశావా? ముందు వరస!

కమిషన్ నుంచి కాగితం అందాక మేనేజరు నవ్వుతూనే మాట్లాడాడు. "నీకు ముత్యం గది ఇస్తున్నాను. నీ రంగువాళ్ళని కూడా ముందు కూర్చోబెడతామని ఆ కమిషన్‌వాళ్ళు కళ్ళారా చూడాలి" అన్నాడు. నా కొత్త పేరు నల్లముత్యం. నవ్వకు. వెన్నెల పిల్ల అయితే కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత నా పక్కన కూర్చుని, "ఇక్కడ పరుపు మెత్తగా ఉంటుంది గానీ కిటికీ తెరవడానికి లేదు" అంది. నిజమే, కిటికీకి మేకులు కొట్టి ఉన్నాయి. ముందు వరసవాళ్ళు బయటికి వెళితే మేనేజరు కారులోనే వెళ్ళాలట. ఇన్నాళ్ళూ వాళ్ళు కారెక్కి తిరుగుతుంటే చూసి ఏడ్చేవాళ్ళం మనం.

మంచం పక్కన బెల్లు ఉంది. తెల్లగా, చిన్న గిన్నె బోర్లించినట్టు.

నా పాత గదిలోకి కొత్త పిల్ల వచ్చింది. ఇరవై నాలుగో ఇరవై అయిదో ఉంటాయి, మన రంగే. పడవ దిగి నెల కూడా కాలేదు, ఇక్కడి భాష నాలుగు మాటలు వస్తుంది. ఏం చెప్పినా తలూపుతుంది. నా దుప్పటి, నా నీళ్ళ కూజా ఇచ్చాను. "నీ పేరు కాటుక" అని మేనేజరు చెబితే రెండుసార్లు పలికి చూసుకుంది, బాగుందన్నట్టు.

మందుల కొట్టుకి వెళ్ళడం ఇక కుదరదు. ఉత్తరాలు వంటావిడ కూరల సంచిలో పెట్టి తెస్తోంది. పాపం ఆమె మోకాలు.

గువ్వ


దర్జీ కొట్టు వెనక గది,
సోమవారం

గువ్వా,

ఆ బెల్లు నొక్కి చూశావా? ఊరికే నొక్కి చూడు. ఎవరొస్తారో చూసి రాయి. మిగతావన్నీ నీ జవాబు వచ్చాక.

పెద్దమ్మ


పెద్ద ఇల్లు, ముందు వరస,
ఆదివారం

పెద్దమ్మకి,

నొక్కాను. కాపలా తాత రాలేదు. మేనేజరు వచ్చాడు. తలుపు తట్టకుండా వచ్చి, "ఏం కావాలి?" అన్నాడు. "ఏం లేదు, పని చేస్తుందో లేదో అని" అన్నాను. "చేస్తుంది" అన్నాడు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఇప్పుడు బెల్లు తీగ ఆయన బల్ల దగ్గరికి మార్చారట. వెన్నెల పిల్ల అయితే తన గదిలో బెల్లు మీద రుమాలు కప్పేసింది.

ఇంకో సంగతి. ఇది రాయాలా వద్దా అని తెగ ఆలోచించాను.

కమిషన్ నుంచి ఒక గుమాస్తా వచ్చాడు, ఫిర్యాదు నిజమా కాదా అని కనుక్కోవడానికి. మేనేజరు అతన్ని వెనక వరసకి తీసుకెళ్ళాడు. "ఇక్కడ కాటుక ఎవరమ్మా?" అని అడిగితే ఆ పిల్ల చెయ్యెత్తింది. అబద్ధం చెప్పలేదు కదా, ఆమే కాటుక. మేనేజరు రాసిచ్చిన కాగితం మీద వేలిముద్ర వేసింది. కాటుక అనే నేను ఇష్టపూర్వకంగా నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను అని. పాపం, అన్నం టోకెను అనుకుందట. వంటావిడ చెప్పింది.

నాకూ తట్టలేదు పెద్దమ్మా, నీకూ తట్టలేదు. మనకి అది అలవాటైపోయింది. ఎవరొస్తే వాళ్ళే కాటుక అని పుట్టిన దగ్గర్నుంచి తెలిసినట్టే ఉన్నాం. లాయరమ్మకి మనం చెప్పనే లేదు, ఆమెకేం తెలుస్తుంది?

ఆస్పత్రి పరీక్ష రోజున ఆమె నా పక్కన కూర్చుని నెమ్మదిగా మాట్లాడింది. కారు డ్రైవరు గుమ్మంలోనే ఉన్నాడు. కమిషన్ విచారణ పద్నాలుగో తారీఖు, సోమవారం. ఆ లోపల ఎవరైనా ముఖం చూపించి చెప్పాలట, కాటుక అనేది మనిషి కాదు, గది అని, ఆ గదిలో ఎప్పుడూ మన రంగువాళ్ళే ఉన్నారని, బెల్లు ఎప్పుడూ లేదని. పాత కాటుకలు ఎవరైనా వచ్చి చెబితే ఆ వేలిముద్ర చెల్లదంది. మబ్బుని షెడ్డులోంచి విడిపించడం కూడా దీనితోనే ముడిపడి ఉందట.

"నీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. ఒకావిడ ఉండేది, పోయింది అన్నాను. నిన్ను చంపేశాను, తిట్టకు. నువ్వు ఇందులోకి రావద్దు. ఎలాగో ఒకలాగ బయటపడి పద్నాలుగున నేనే వెళతాను, నా అసలు పేరుతో.

గువ్వ


దర్జీ కొట్టు వెనక గది,
గురువారం

గువ్వా,

చంపితే చంపావు, ఏ జబ్బుతో పోయానని చెప్పావో అదైనా రాయాల్సింది. రేపు ఎవరైనా అడిగితే ఆ జబ్బు నాకు ముందే తెలియాలి కదా.

నవ్వు రావడం లేదు. నీకు ధైర్యం చెబుదామని రాశాను, నాకే రాలేదు.

గువ్వా, నేను రాలేను. నన్ను అడక్కపోయినా చెబుతున్నాను. ఇక్కడ నేను గుండీల పెద్దమ్మని. దర్జీ పెళ్ళాం తన పిల్లల్ని నా దగ్గర పడుకోబెట్టి బజారుకి వెళుతుంది. వీధిలో నీళ్ళు పట్టుకునేటప్పుడు నా బిందెకి చోటిస్తారు. అక్కడికొచ్చి నేను కాటుకని అని నిలబడితే ఈ వెనక గది కూడా ఉండదు. ఈ వయసులో ఏ గోడ పక్కన కూర్చోను? మనుషుల ముందు మాట్లాడాలంటే నా నాలుక పిడచకట్టుకుపోతుంది. మా మేనేజరమ్మ గొంతు గుర్తొస్తే ఇప్పటికీ నీళ్ళు కావాలి నాకు.

నువ్వు కూడా వెళ్ళకు. ఆ పిల్ల ఎలా ఉంది, ఆ కొత్త కాటుక? గ్లాసు సంగతి చెప్పావా ఆమెకి? గోడకి కొట్టినా అటుపక్క మబ్బు గది ఖాళీ కదా.

వెంటనే రాయి. ఒక్క ముక్క అయినా సరే.

పెద్దమ్మ


పెద్ద ఇల్లు,
తేదీ 5

గౌరవనీయులైన పెద్దమ్మ గారికి నమస్కరించి వ్రాయునది,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు కూడా క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేనేజరు గారు మమ్మల్ని బాగా చూసుకుంటున్నారు. అన్ని గదులలో బెల్లులు అమర్చారు. నాకు ఎవరి మీదా ఎటువంటి ఫిర్యాదు లేదు. కొందరు బయటివారి మాటలు విని తొందరపడ్డాను. వంటావిడ పని మానేసి వెళ్ళిపోయింది. నాకు తీరిక లేదు కాబట్టి ఇక మీదట ఉత్తరాలు వ్రాయలేను. మీరు కూడా వ్రాయవద్దు. ఇక్కడికి రావలసిన అవసరం లేదు.

ఇట్లు,
మీ విధేయురాలు


దర్జీ కొట్టు వెనక గది,
తేదీ 10

గువ్వకి,

నువ్వెలా ఉన్నావు? వంటావిడ ఎక్కడికి వెళ్ళింది, ఆ మోకాలితో? ఆమె చెప్పులు ఉన్నాయా, లేవా? కాపలా తాత ఎలా ఉన్నాడు? ఆ కొత్త పిల్ల ఎలా ఉంది? ఒక్కొక్కరి సంగతీ అడుగుతున్నాను, ఒక్కొక్కరికీ జవాబు కావాలి.

ఈ ఉత్తరం మందుల కొట్టుకి పంపడం లేదు. ఇంటి పేరు మీదే, మేనేజరు బల్ల మీదికే పంపుతున్నాను. నీకంటే ముందు ఆయనే చింపుతాడని తెలుసు. అయ్యా, చదువుకోండి, దాచుకునేది ఏమీ లేదు.

గువ్వా, నీ ఉత్తరంలో చేతిరాత నీదే. కానీ నువ్వు పుట్టిన దగ్గర్నుంచి నన్ను మీరు అన్నది లేదు. గారు అన్నది లేదు. ఒకసారి కోపమొచ్చి ముసలి గబ్బిలం అన్నావు, అదే నేను విన్న పెద్ద మర్యాద. ఆ గౌరవనీయులైన అనే మాట చూడగానే నాకు తెలిసిపోయింది. నీ పక్కన నిలబడి ఎవరు చెప్పి రాయించారో, అప్పుడు నువ్వు ఎలా కూర్చుని ఉన్నావో, నీ ఒంటి మీద ఏం దెబ్బలున్నాయో, అన్నీ కళ్ళకి కనిపించాయి.

దర్జీకి చెప్పేశాను. అంతా. మెషీను ఆపి విన్నాడు. అతని పెళ్ళాం తలుపు దగ్గర నిలబడింది. చెప్పడం అయ్యాక అతను, "బండి ఎక్కడ మారాలో తెలుసా పెద్దమ్మా?" అన్నాడు. తెలీదంటే కాగితం మీద గీసి చూపించాడు. అతని పెళ్ళాం మాత్రం గది తాళంచెవి ఇచ్చి వెళ్ళమంది. "తిరిగొచ్చాక ఇస్తావా?" అని అడిగితే, "రండి, చూద్దాం" అంది. పిల్లల్ని లోపలికి పిలిచేసుకుంది. ఆమెని తప్పు పట్టను. నాకు ఏడుపు వచ్చింది, అంతే.

మందుల కొట్టామెకి ఫోను చేసి, ఆస్పత్రిలో అడిగించి లాయరమ్మ నంబరు తీసుకున్నాను. లాయరమ్మ నా గొంతు విని, "మీరు పోయారన్నారే" అంది. "పోలేదమ్మా, భయపడి దాక్కున్నాను" అన్నాను. ఆమెకి అన్నీ చెప్పాను. కాటుక గదిలో నాకు ముందు ఎవరున్నారో, నా తర్వాత ఎవరొచ్చారో, అందరిదీ ఏ రంగో, గోడకి ఏముందో, ఏం లేదో. రేయి చెప్పుల సంగతి కూడా చెప్పాను. ఆమె రాసుకుంది. కమిషన్‌కి నా పేరు ఇచ్చింది, నా అసలు పేరు. నీ ఉత్తరం కూడా చదివి వినిపించాను. విచారణ రోజున నిన్ను తీసుకురమ్మని కమిషన్ నుంచి ఆర్డరు తెప్పించిందట, పోలీసుతో కాదు, కమిషన్ మనిషితో.

నాకు ధైర్యం వచ్చిందని అనుకోకు. బండిలో దాహమేస్తే ఎలా, దిగాల్సిన చోట నిద్రపోతే ఎలా, కమిషన్ గదిలో మూత్రం ఆగకపోతే ఎలా, ఇవే ఆలోచిస్తున్నాను. కానీ నువ్వు ఆ గదిలో ఒక్కదానివే ఉన్నావని తలుచుకుంటే మిగతా భయాలన్నీ చిన్నవైపోతున్నాయి.

ఆ ఇంట్లో అన్నేళ్ళున్నా వెనక సందులోంచే వచ్చాను, వెనక సందులోంచే వెళ్ళాను. మనవాళ్ళకి ముందు తలుపు లేదుగా. ఈసారి ముందు గుమ్మం దగ్గరికే వస్తాను. నా పక్కన లాయరమ్మ, కమిషన్ మనిషి ఉంటారు. నువ్వు గుమ్మంలో కనిపించాలి, నీ కాళ్ళ మీద నువ్వు నిలబడి, నీ చెప్పులు తొడుక్కుని. పక్కన ఆ కొత్త పిల్ల కూడా ఉండాలి. కనిపించకపోతే ఎక్కడ అని ఒక్కొక్కరినీ అడుగుతాను, జవాబు వచ్చేదాకా ఆ మెట్ల మీదే కూర్చుంటాను. నేనెంత విసిగించగలనో నీకు తెలుసు, ఆయనకీ తెలుస్తుంది.

పాత కాటుక వస్తోందని అందరికీ చెప్పు. వచ్చేది పద్నాలుగో తారీఖు, సోమవారం పొద్దున.